అరవై ఎనిమిది హాలిస్

కారు ఏ ఏడాదిదో చెప్పమంటే ఒడెస్సా టిబ్స్ కారు ముందు వైపుకు వెళ్ళదు. ముక్కూ మొహమూ చూసి ఏడాది చెప్పేవాళ్ళంతా మోసపోవడానికే పుట్టారని ఆవిడ గట్టి నమ్మకం. బంపరు మార్చొచ్చు, లైట్లు మార్చొచ్చు, ఇంజను తీసేసి లారీ ఇంజను పెట్టొచ్చు, సీట్లకు కొత్త తోలు కుట్టించొచ్చు. అందుకని ఆవిడ తిన్నగా వెనక్కి వెళ్ళి డిక్కీ ఎత్తమంటుంది. లోపలికి నీళ్ళు దిగకుండా డిక్కీ చుట్టూ అతికించిన రబ్బరు పట్టీని బొటనవేలితో ఒక చుట్టు తడుముతుంది. ఆ తర్వాత ఆవిడ నోటి నుంచి వచ్చిన ఏడాదికి ఇక తిరుగు లేదు.

ఎలా ఉంటుంది? సాగినా ఊళ్ళో బ్రానక్ కార్ల ఫ్యాక్టరీలో పదిహేనేళ్ళు ఆ రబ్బర్లు అతికించింది ఆవిడే. కంపెనీ ఎనభై మూడులో మూతపడింది. రికార్డులన్నీ చెత్త లారీల్లో పోయాయి. గోడలు పడగొట్టి ఇనుము అమ్ముకున్నారు. మిగిలింది కాంక్రీటు నేల ఒక్కటే, దాని పగుళ్ళలో ఇప్పుడు గడ్డి మోకాలెత్తున పెరుగుతోంది. ఏటా ఆగస్టులో ఒక శనివారం పాత కార్ల క్లబ్బు వాళ్ళు ఆ గడ్డి కోసి, ఆ నేల మీదే పాత బ్రానక్ కార్లను ఏడాదికో వరస చొప్పున నిలబెడతారు. ఏ కారు ఏ వరసలో నిలబడాలో పేచీ వస్తే ఒడెస్సాను పిలుస్తారు. ఆవిడకు అరవై ఏడేళ్ళు, మోకాళ్ళు సహకరించవు, నోటికి మాత్రం ఏ నొప్పీ లేదు.

వచ్చేటప్పుడు ఆవిడ తన పాత లంచ్ డబ్బా తెచ్చుకుంటుంది. ఫ్యాక్టరీలో చేరిన వారంలోనే దాని గొళ్ళెం విరిగింది. అప్పటి నుంచి దాన్ని తాడుతో కట్టి వాడుతోంది. తెల్లటి పురికొస, మధ్యలో ఒక్క ఆకుపచ్చ పోగు. ఆవిడ పని చేసే చోట మేకుకు ఆ పురికొస ఉండ ఒకటి వేలాడుతుండేది. పని నేర్పిన రూథెల్ అనే పెద్దావిడను ఇదేమిటని అడిగితే, "దాని పని అయిపోయిందిలే, నీకు కావాలంటే వాడుకో" అంది. ఒడెస్సా రెండేళ్ళు దాంతో డబ్బా కట్టుకుంది, జుట్టు కట్టుకుంది, ఒకసారి బూటు కూడా కట్టుకుంది. ఉండ అయిపోయింది, డబ్బాకున్న ముక్క మిగిలింది. ఇప్పుడు ఆ డబ్బాలో చిన్న అద్దం, టార్చిలైటు, వెన్న రాసే చాకు, పీచ్ పళ్ళు పెట్టి కాల్చిన 'పై' అనే తీపిరొట్టె ముక్క ఒకటి ఉంటాయి.

ఆ శనివారం పదిన్నరకు గేటు దగ్గర గొడవ మొదలైంది. ఒక నీలం రంగు కాండోర్ కారు గేటులో అడ్డంగా ఆగిపోయింది, దాని వెనక పదిహేను కార్లు హారన్లు కొడుతున్నాయి. కాండోర్ అంటే బ్రానక్ వాళ్ళ కార్లన్నిటిలోకీ పొగరుబోతు. రెండే తలుపులు, పొడవాటి ముక్కు, కాలు ఆనిస్తే చాలు వెనక టైర్లు పొగలు కక్కే రకం. ఆ నీలం కారును చూడగానే ఒడెస్సా గుర్తుపట్టింది. పాతికేళ్ళ క్రితం, ఎనభై తొమ్మిదిలో, ఒకే ఒక్కసారి ఇక్కడికి వచ్చిన కారు అది. వెండెల్ హాలిస్ కారు.

స్టీరింగు దగ్గర ఉన్నది వెండెల్ కూతురు మార్వా. స్కూలు బస్సు నడుపుతుంది, యాభై దాటాయి, అరవైమంది పిల్లల్ని అదుపులో పెట్టే గొంతు. ఆవిడ చేతిలో క్లబ్బు అధ్యక్షుడు గోర్డన్ పెల్కీ "1968" అని రాసిన అట్టముక్క పెట్టాడు. ఆవిడ దాన్ని తిరిగి అతని చేతిలోనే పెట్టింది. మా నాన్న ఇది అరవై తొమ్మిది అన్నాడు, ఆ అట్ట ఇస్తేనే లోపలికి వస్తాను, లేకపోతే ఇక్కడే ఇంజను ఆపి కూర్చుంటానని చెప్పి, చెప్పినట్టే ఇంజను ఆపేసింది. గోర్డన్ కాగితాలంటే ప్రాణం పెట్టే మనిషి. చంకలో లావుపాటి ఫైలు లేకుండా అతను చర్చికి కూడా వెళ్ళడని చెప్పుకుంటారు. రిజిస్టరులో ఉన్నది ఉన్నట్టు చదివి వినిపించాడు. వెండెల్ హాలిస్, నీలం కాండోర్, అరవై ఎనిమిది మోడలు, నిర్ధారించినది ఒడెస్సా టిబ్స్, సంతకం.

ఒడెస్సా మడత కుర్చీలోంచి లేచి, డబ్బా పట్టుకుని, తీరిగ్గా నడిచి వచ్చింది.

ఆ కారును చూసి ఏడాది చెప్పడం దేవుడి తరం కూడా కాదు. డెబ్భై నాలుగులో వెండెల్ ఒక జింకను గుద్దాడు, దాంతో ముందు భాగమంతా డెబ్భై మోడలుది వచ్చింది. వెనక లైట్లు ఎవరో పగలగొడితే పాత సామాన్ల కొట్లో దొరికిన అరవై ఎనిమిదివి పెట్టాడు. సీట్లు ఇంకేదో కారువి. ఇంజను మరీ పెద్దది, అది పట్టక ఇంజనుకూ మనుషులు కూర్చునే చోటుకూ మధ్య ఉన్న రేకును కోశాడు. కారు ఏడాది కొట్టిన చిన్న ప్లేటు ఆ రేకుకే ఉండేది, కోసిన ముక్కతో పాటు అదీ పోయింది. కారు కాగితాల మీద అరవై ఎనిమిదే ఉంది కానీ క్లబ్బులో కాగితాన్ని ఎవరూ లెక్కచేయరు. బ్రానక్ వాళ్ళకు కొత్త ఏడాది జనవరిలో వచ్చేది కాదు, ముందు ఏడాది ఆగస్టు చివర్లో కార్లు బిగించే లైను మీదికి వచ్చేది. ఆ సంగతి పట్టని గుమస్తాలు కారు కొన్న ఏడాదే టైపు కొట్టి పారేసేవారు.

అందుకే ఎనభై తొమ్మిదిలో వెండెల్ తిన్నగా ఒడెస్సా దగ్గరికే వచ్చాడు. పోతపని చేసే కార్ఖానాలో ఉద్యోగం, పెద్ద మాటకారి కాదు, తెల్ల చొక్కా ఇస్త్రీ చేసుకుని వచ్చాడు. ఒడెస్సా రబ్బరు తడిమింది. రెండు ముక్కల పట్టీ, పక్కల దగ్గర రెండు అతుకులు. అరవై తొమ్మిది మోడలుకు ఒకే ముక్క పట్టీ వేసేవారు, అతుకు అడుగున ఒక్కటే ఉండేది. ఆవిడ అరవై ఎనిమిది అంది. వెండెల్ టోపీ తీసి, రబ్బరు ఒక్కసారి ఎత్తి చూడండమ్మా, కింద ఏముందో మీకే తెలుస్తుంది అన్నాడు. చుట్టూ యాభైమంది ఉన్నారు. జనం ఉంటే ఒడెస్సాకు హుషారెక్కువ.

"మిస్టర్ హాలిస్, మీ పెళ్ళిరోజు మీరు మర్చిపోయినా మీ ఆవిడ మర్చిపోదు కదా. ఈ రబ్బరుకి పెళ్ళాన్ని నేనే. ఎత్తి చూడక్కర్లేదు."

యాభైమందీ పగలబడి నవ్వారు. వెండెల్ కూడా కొంచెం నవ్వి, టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు. ఆ మాట మాత్రం ఊళ్ళో ఉండిపోయింది. కొత్త మోడలని కోతలు కోసి పట్టుబడ్డవాడని ముందు ఎగతాళిగా, తర్వాత అలవాటుగా, అతన్ని "అరవై ఎనిమిది హాలిస్" అని పిలవడం మొదలుపెట్టారు.

"నాన్న మార్చిలో పోయాడు మిస్ ఒడెస్సా," అంది మార్వా, కిటికీలోంచి. "తెలుసనుకుంటా మీకు."

తెలుసని ఒడెస్సా తలూపింది. అంత్యక్రియల నాడు చర్చికి పీచ్ పై చేసి పంపింది కూడా.

"క్లబ్బోళ్ళు పూలు పంపారు. మంచి పూలే. మీద కార్డు పెట్టారు, 'మా అరవై ఎనిమిది హాలిస్‌కి, స్నేహితులు' అని. ప్రేమగానే రాశారు, నాకు తెలుసు. కానీ ఆయన అబద్ధాలకోరు కాదండి. పాతికేళ్ళు పళ్ళ బిగువున ఊరుకున్నాడు. ఆ పేరు ఆయనతో పాటు సమాధిలోకి పోనివ్వను."

గోర్డన్ నేలచూపులు చూశాడు. కార్డు రాసింది అతనే.

ఒడెస్సాకు జాలి కలిగింది, కానీ అనుమానం కలగలేదు. అలాంటిది కలిగే మనిషి కాదావిడ. పిల్ల దుఃఖంలో ఉంది, ఒకసారి ఎత్తి చూపిస్తే మనసు కుదుటపడుతుంది, అంతకంటే దీన్లో ఏమీ లేదనుకుంది.

"సరే తల్లీ. ఆ రోజు ఎత్తలేదు, ఇవాళ ఎత్తుతా. కానీ అరవై ఎనిమిదే అయితే నోరు మూసుకుని ఆ అట్ట తీసుకుని, ఆ వరసలోనే పెడతావు. ఒప్పుకుంటావా?"

"ఒప్పుకుంటా. అరవై తొమ్మిదైతే?"

"అయితే అప్పుడు చూద్దాంలే. అవదు."

కారును తోసి పక్కన పెట్టారు, వెనక కార్లు కదిలాయి. డిక్కీ ఎత్తగానే పదిమంది మూగారు. అసలు బంక ఊడదీస్తే కారు విలువ పోతుందని గోర్డన్ గునిశాడు. బంక పెట్టినదాన్ని నేను, తీసేదాన్ని నేను, మధ్యలో నీకెందుకని ఒడెస్సా అతని నోరు మూయించింది. కాఫీ బల్ల మీది నుంచి వేడినీళ్ళు తెప్పించి, గుడ్డ ముంచి, అడుగు వైపు రబ్బరు మీద పరిచింది. లైను మీద తప్పు పడితే అలాగే తీసేవారు. పది నిమిషాలు గుడ్డ మారుస్తూ కూర్చుంది. ఈలోగా మార్వా పక్కనే నిలబడి తండ్రి గురించి చెప్పింది. ఆయన ఈ కారులోని సామానంతా మార్చాడట, ఒక్క డిక్కీ రబ్బరు మాత్రం ముట్టుకోలేదట. చిరిగిన చోట లోపలికి తొంగి చూశాడే కానీ, దాన్నీ అలాగే వదిలేశాడట.

"మీ మీద ఒక్క మాట కూడా అనేవాడు కాదు," అంది మార్వా. "ఆవిడ చెయ్యి మంచిది, ఎత్తి ఉంటే తెలిసేది అనేవాడు. అంతే."

ఒడెస్సా డబ్బా తాడు విప్పి పక్కన పెట్టి, వెన్న చాకు తీసి, రబ్బరు అంచు కింద దూర్చింది. బంక మెత్తబడి జానెడు మేర పైకి లేచింది. అలవాటు చొప్పున ఆవిడ చూడకుండా బొటనవేలు గాడిలో పెట్టింది.

అరవై ఎనిమిది మోడలులో రబ్బరు కూర్చునే ఆ గాడి లోతు తక్కువ. వేలు గోరు మునిగేంత. ఒక్క ముక్క పట్టీ మందంగా ఉంటుంది కాబట్టి అరవై తొమ్మిదికి రేకునే మార్చి గాడి లోతు చేశారు. వేలు కణుపు దాకా దిగుతుంది. రేకు మార్చాలంటే పెద్ద అచ్చు యంత్రం కావాలి, ఇంటి వెనక షెడ్డులో అయ్యే పని కాదు. ఇప్పుడు ఒడెస్సా వేలు గోరు దగ్గర ఆగలేదు. అలాగని అడుక్కీ పోలేదు. మధ్యలో ఏదో గట్టిగా తగిలింది. ఆవిడ వేలు తీసి, మళ్ళీ పెట్టి, చెయ్యి అలాగే ఉంచేసింది.

"ఏంటి?" అన్నాడు గోర్డన్.

ఆవిడ టార్చి వేసింది. గాడి అడుగున పసుపు పచ్చటి బంకలో, గడ్డకట్టిన తేనెలో చిక్కుకున్నట్టు, ఒక తాడు పరిచి ఉంది. తెల్లటి పురికొస. మధ్యలో ఒక్క ఆకుపచ్చ పోగు.

చాకుతో కదిపితే అంగుళం ముక్క విరిగి ఆవిడ అరచేతిలో పడింది. ఆవిడ దాన్ని డిక్కీ అంచు మీద పెట్టి, పక్కనే తన లంచ్ డబ్బా తాడు పెట్టింది. ఒకటి మాసి నల్లబడింది, ఇంకోటి బంకలో మెరుస్తోంది. పోగు మాత్రం ఒకటే. చుట్టూ ఉన్నవాళ్ళలో ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. ఆవిడకు మాత్రం నలభై ఆరేళ్ళ తర్వాత, ఎండలో నిలబడి ఉండగా, మేకుకు వేలాడిన ఆ ఉండ ఎందుకు ఉండేదో అర్థమైంది.

కొత్త మోడలు లైను మీదికి వచ్చింది అరవై ఎనిమిది ఆగస్టు ఇరవై ఆరున. ఒడెస్సా ఉద్యోగంలో చేరింది సెప్టెంబరు తొమ్మిదిన. మొదటి వారానికి కొత్త రబ్బరు వచ్చి ఉండదు. రబ్బరు రాలేదని లైను ఆపే ఫోర్‌మన్ ఆ ఫ్యాక్టరీలో పుట్టలేదు. గిడ్డంగిలో మిగిలిన పాత రబ్బరు తీసి కొత్త గాడిలో పెట్టమని ఉంటారు. లోతైన గాడిలో సన్న రబ్బరు కిందికి జారిపోతుంది, నీళ్ళు దిగిపోతాయి. అప్పుడు రూథెల్ గాడి అడుగున పురికొస పరిచి, బంక పోసి, పైన పాత రబ్బరు కూర్చోబెట్టి ఉంటుంది. ఐదు రోజుల పని. సెప్టెంబరు మొదట్లో వచ్చే కార్మికుల సెలవు తర్వాత కొత్త రబ్బరు వచ్చేసి ఉంటుంది. మిగిలిన ఉండ మేకుకు తగిలించేసింది. దాని పని అయిపోయిందిలే అంది. ఎందుకో చెప్పే తీరిక ఆవిడకు లేదు, అడిగే తీరిక ఒడెస్సాకూ లేకపోయింది. ఇద్దరి ముందు నుంచీ నిమిషానికో కారు పోతోంది మరి.

రెండు ముక్కల రబ్బర్లు ఒడెస్సా చాలా చూసింది, కానీ అన్నీ నీళ్ళు కారుతున్నాయని మరమ్మతుకు తిరిగొచ్చిన అరవై ఎనిమిది కార్లే. రూథెల్ పురికొస పెట్టినవి కారలేదు కాబట్టి ఒక్కటీ తిరిగి రాలేదు. తన కళ్ళముందు జరగనిది ఆ ఫ్యాక్టరీలో జరగలేదనే ధీమాతో ఇన్నేళ్ళూ తీర్పులు చెప్పింది. సిగ్గుతో ఆవిడ చెవులు వేడెక్కాయి. అడిగినప్పుడు ఎత్తి ఉంటే రెండు నిమిషాల పని. ఆయన టోపీ తీసి మరీ అడిగాడు.

కానీ ఒడెస్సా టిబ్స్ సిగ్గుపడితే మూల కూర్చునే రకం కాదు.

"గోర్డీ, నీ ఫైల్లో నీ కారు ఫొటోలు ఉన్నాయి కదా, రబ్బరు లేకుండా తీసినవి. గాడి లోతు ఎంత రాశావు?"

గోర్డన్ కారు అరవై తొమ్మిది, దాన్ని బోల్టు బోల్టూ విప్పి కొలిచి రాసి పెట్టుకున్న మనిషి. పేజీ తిప్పి ముప్పావు అంగుళం అన్నాడు. అరవై ఎనిమిదికి ఎంతని ఆవిడ అడిగింది. అర అంగుళమని చెప్పాడు. అయితే నీ స్కేలు తీసి దీన్ని కొలువు అంది. అతను వంగి, తాడు విరిగిన చోట స్కేలు దింపి, కళ్ళజోడు సవరించుకుని, మళ్ళీ దింపాడు.

"ముప్పావు," అన్నాడు, తనలో తాను చెప్పుకున్నట్టు.

మార్వా చేత్తో నోరు మూసుకుంది.

ఒడెస్సా జరిగింది జరిగినట్టు చెప్పింది. కొత్త మోడలు మొదటి ఐదు రోజుల కారు ఇది, అరవై తొమ్మిదిల్లోకెల్లా ముందుది, ఈ నేల మీద నిలబడ్డ కార్లలో ఇలాంటిది ఇంకోటి లేదంది. గోర్డన్ మొత్తం విన్నాడు. కానీ కాగితం మనిషి కాగితం దగ్గరే ఆగిపోతాడు. రిజిస్టరు తెరిచి, ఎనభై తొమ్మిది నాటి పేజీ మీద వేలు పెట్టాడు.

"మీ సంతకమే ఉందండి ఇక్కడ. ఏ మాట పట్టుకోమంటారు? అప్పటిదా, ఇప్పటిదా?"

"ఇప్పటిది. ఆ సంతకం చేసినావిడకి తను చేరకముందు కూడా ఫ్యాక్టరీ ఉందని తోచలేదు. కలం ఇలా ఇవ్వు."

పాత వరుస కొట్టేసి, దాని కింద గుండ్రటి అక్షరాలతో రాసింది. వెండెల్ హాలిస్, నీలం కాండోర్, అరవై తొమ్మిది. చివర్లో "మార్పుకు కారణం" అని ఒక గడి ఉంది. అక్కడ కొత్త ఆధారం దొరికింది అని రాస్తే సరిపోతుందని గోర్డన్ మెల్లగా అందించాడు. మర్యాద కాపాడదామనే అతని ఉద్దేశం. ఒడెస్సా అతని వైపు చూడనైనా చూడలేదు. "యజమాని ఎత్తి చూడమన్నాడు. ఒడెస్సా టిబ్స్ ఎత్తలేదు" అని రాసి, కింద సంతకం పెట్టింది.

మార్వా ఆ గడి చదువుకుంది. అరవైమంది పిల్లల్ని అదలించే మనిషి మొహం తిప్పుకుని కళ్ళు తుడుచుకుంది. 

"ఏడవకు తల్లీ, ఇంకా పని ఉంది," అంది ఒడెస్సా. "రబ్బరు ఇలా వదిలేస్తే వాన పడితే నీళ్ళు దిగుతాయి. మా రూథెల్ పెట్టినప్పుడు దిగలేదు, నా వల్ల దిగితే ఊరుకోదు."

బంక సీసా ఎవరి కారులోనో దొరికింది. విరిగిన ముక్క పొడిపొడి అయిపోయింది, గాడిలో అంగుళం మేర ఖాళీ ఉంది. ఒడెస్సా తన డబ్బా తాడు చేతిలోకి తీసుకుని, వెన్న చాకుతో చివర అంగుళం ముక్క కోసింది. గోర్డన్‌కు ప్రాణం ఆగలేదు. అసలు తాడు కాకుండా వేరేది పెడితే ఎలాగండీ, రాసి పెట్టాలి కదా అన్నాడు.

"వేరేది కాదు. అదే ఉండలోది," అంది ఆవిడ. "అది ముందు కోసినది, ఇది తర్వాత కోసినది. కావాలంటే రాసుకో."

అతను నిజంగానే రాసుకున్నాడు. ఆవిడ తాడు ముక్క గాడిలో పరిచి, బంక పోసి, రబ్బరు కూర్చోబెట్టి, రెండు బొటనవేళ్ళూ పక్కపక్కన పెట్టి ఒక కొస నుంచి ఇంకో కొసకు నొక్కుకుంటూ పోయింది. చేతులు ఏమీ మర్చిపోలేదు. తాడు పొట్టిదైపోయి డబ్బాకు ముడి అందలేదు. మార్వా తన జుట్టుకున్న ఎర్ర బ్యాండు తీసి ఇచ్చింది.

కారు అరవై తొమ్మిది వరసలోకి వెళ్ళింది. మొదటి ఐదు రోజులదంటే వరసలో మొదట నిలబడాల్సిందే కాబట్టి మిగిలినవాళ్ళంతా తలా ఒక కారు దూరం వెనక్కి జరిగారు. ముందుగా జరిగింది గోర్డన్. అద్దం వెనక పెట్టే అట్ట మీద ఏం రాయమంటారని మార్వాను అతనే అడిగాడు. ఏడాది, మా నాన్న పేరు, ఇంకేమీ వద్దందావిడ.

ఒడెస్సా తన మడత కుర్చీ తెచ్చి ఆ కారు వెనక వేసుకుంది. పక్కన ఇంకో కుర్చీ వేయించి మార్వాను కూర్చోబెట్టి, పీచ్ పై ముక్క సగం పెట్టింది. మామూలుగా ఈ వేళకు వరసలన్నీ తిరిగి అందరి తప్పులూ పట్టి ఉండేది. ఆ రోజు కదల్లేదు. దారిన పోయేవాళ్ళు చాలామంది ఆగారు, పాతవాళ్ళయితే కారును గుర్తుపట్టి మరీ ఆగారు. సాయంత్రం నాలుగింటికి కోనీ డాగ్ అనే సాసేజి రొట్టె తింటూ ఒక ముసలాయన వచ్చి, అరె, ఇది మన అరవై ఎనిమిది హాలిస్ కారు కదా అన్నాడు.

"వెండెల్ హాలిస్," అంది ఒడెస్సా. "కారు అరవై తొమ్మిది. తప్పు చెప్పినదాన్ని నేనే. అలా కూర్చో, ఎలాగో చెప్తాను."

పొద్దున్నుంచీ ఆవిడ అందరికీ ఇదే మాట చెబుతోంది. ముసలాయన డిక్కీ అంచు మీద కూర్చోబోయాడు. బంక ఇంకా ఆరలేదని చెప్పి మార్వా ఆయనకు తన కుర్చీ ఇచ్చింది.